గొడ్డుదన్న చెట్టు

రెండు వందల ఏళ్లుగా మా ఊరు కొండజొన్న చెట్లను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తోంది. అందువల్లే అవి అంతరించిపోయే దాకా వచ్చాయి. ఈ ఘనతలో నా వాటా కూడా తక్కువేం కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వెరాక్రూజ్ కొండల్లో, మబ్బు వంటింట్లోకి వచ్చి కూర్చునేంత ఎత్తున ఉంటుంది మా సాంతా క్రూస్ ఒకోతాల్. ఇక్కడ బట్టలు ఆరవు, కాఫీ గింజలు ఆరవు, అన్నదమ్ముల తగాదాలు అసలే ఆరవు. కొండజొన్నకు కావాల్సింది ఆ తడే. చూడ్డానికి ఈతమొక్కలా ఉంటుంది గానీ ఈతకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. చిగురు రాగిరంగులో వస్తుంది. నడిమధ్య నుంచి కంకి లేస్తుంది, కంకి మీద ప్రతి పొలుసుకూ రెండు చిన్న కొమ్ములుంటాయి. మొక్కజొన్నకు ఇదే తాతమ్మ అని మా పెద్దలు చెప్పారు. తాతమ్మ కాదని ఈమధ్య చదువుకున్నవాళ్లు చెప్పారు. మేం పెద్దల మాటే విన్నాం, అలవాటు కొద్దీ.

చిక్కంతా అక్కడే వచ్చింది. మేం మొక్కజొన్న తిని, మొక్కజొన్న పండించి, మొక్కజొన్న బుద్ధితోనే ఆలోచించే మనుషులం. మొక్కజొన్నలో ప్రతి మొక్కకూ నెత్తిన పువ్వు, నడుమున పొత్తు ఉంటాయి. పొత్తు వేయని మొక్క పశువుల మేతకే పనికొస్తుంది. కొండజొన్నలో చూస్తే కొన్ని చెట్లు లావాటి కంకి వేసి గింజలిస్తాయి. కొన్ని సన్నటి కంకి వేసి, ఇంత పసుపు పొడి రాల్చి, ఎండిపోయి ఊరుకుంటాయి. ఈ రెండో రకానికి మా తాతలు 'గొడ్డుది' అని పేరు పెట్టారు.

మే మూడున శిలువ పండుగ. ఆ రోజు శిలువకు కొండజొన్న కంకి కట్టాలి. గింజలిచ్చే తల్లి మీద కత్తి పెడితే పాపం కదా, అందుకని గొడ్డు చెట్ల కంకుల్నే, అవి విచ్చుకోక ముందే, పచ్చిగా కోసేవాళ్లం. పోనుపోను మా భక్తి ముదిరింది. తల్లులకు చోటు చాలడం లేదని గొడ్డువాటిని వేళ్లతో సహా పెకలించాం. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక్క పొద్దుటిపూట పదమూడు చెట్లు పీకి గుట్టగా పోశాను. ఆ ఆదివారం ఫాదర్ గుళ్లో నా పేరు చదివి మెచ్చుకున్నారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. ఊరి నర్సరీకి నేనే కాపలాదారుని, నేనే మేనేజర్ని, ఎరువు మోసేదీ నేనే. తొమ్మిదేళ్లుగా కొండజొన్న గింజలు నాటుతున్నాను, ఒక్కటీ మొలవలేదు. ఎరువు మార్చాం. నాటే తిథి మార్చాం. కుండీల మీద మంత్రజలం చల్లించాం. పండుగ పెద్ద క్రిసోఫోరో అయితే నా చెయ్యి మంచిది కాదని తేల్చాడు.

అప్పుడొచ్చింది సెనైదా, యూనివర్సిటీ నుంచి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లేసుకుని. నేను దాచుకున్న గింజలన్నీ ఒక బకెట్ నీళ్లలో పోసింది. అన్నీ తేలాయి.

"అన్నీ డొల్లే, నికనోర్ బాబాయ్," అంది.

"పైకి బానే ఉన్నాయి కదమ్మా."

"పైకే. లోపల పిండం లేదు. మగచెట్టు పుప్పొడి తగలకపోయినా గింజ ఊరుతుంది, మొలవదు. వీటిలో ఆడా మగా వేరువేరు చెట్లు. బొప్పాయిలో ఉండవూ, అలాగ."

బొప్పాయి కింద వేడి ఊళ్లలో కాస్తుంది. మా చలిలో దాని కాపురం సంగతి మాకేం తెలుస్తుంది?

"మగచెట్లెక్కడున్నాయి?" అని తనే అడిగింది. "సన్న కంకి వేస్తాయి, పసుపు పొడి రాలుస్తాయి. ఆ కంకిలో చిన్న చిన్న పెంకుపురుగులుంటాయి. పుప్పొడి మోసేవి అవే."

పదమూడు మంది తండ్రుల్ని పీకి మెప్పు పొందినవాణ్ణి నేను. సిగ్గేసింది. అంత సిగ్గు నా పెళ్లి రోజు బ్యాండు వాళ్ల ముందు జారిపడ్డప్పుడు కూడా వేయలేదు. నోరు మూసుకుని ఆమెను కొండెక్కించాను. మూడు వారాలు లోయలన్నీ గాలించాం. పదకొండు ఆడచెట్లు కనబడ్డాయి. మగది ఒక్కటీ లేదు. మా పెద్దలు చేసే పని పూర్తిగా చేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి.

చివరికి దొరికింది ఊళ్లోనే, యూఫ్రోసినా పిన్ని పెరట్లో, కోళ్ల గూటి పక్కన. సన్న కంకి నిటారుగా నిలబడి ఉంది, ఇంకా విచ్చుకోలేదు.

"ఇదెక్కడిది పిన్నీ?" అన్నాను.

"నువ్విచ్చిందే. ఆ రోజు గుట్టగా పారేసి పోయావుగా. గొడ్డుదాన్నని నన్ను తోసేశారు, దాన్నీ తోసేశారు. ఒకదానికొకటి తోడుంటాయిలే అని తెచ్చుకున్నా. ఇన్నేళ్లకు ఇప్పుడు కంకి వేసింది."

ఆవిడకిప్పుడు ఎనభై ఒకటి. పిల్లల్లేరు. పండుగ నాడు శిలువకు కొత్త గుడ్డ చుట్టేది పిల్లల తల్లులే, కాబట్టి అరవై ఏళ్లుగా ఆవిడ పని వంటింట్లో తమాలెలు, అంటే పొత్తు ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న ముద్దలు, ఆవిరి పెట్టడం. ఊరంతా ఆ తమాలెలు తిని, బావున్నాయని మెచ్చుకుని, శిలువ దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు.

పై లోయలో ఒక ఆడచెట్టుకు కంకి వచ్చి ఉంది. నాలుగైదు రోజుల్లో దాని పొలుసులు విడతాయని, వారంలోగా మళ్లీ మూసుకుంటాయని సెనైదా చెప్పింది. మళ్లీ కంకి ఎన్నేళ్లకు వేస్తుందో తెలియదు. ఆ లోయ అంచు ఏటా వానలకు విరిగి పడుతోంది. పిన్ని పెరట్లో కంకి విచ్చుకోవడానికి సరిగ్గా అన్ని రోజులే పట్టేలా ఉంది. అప్పటికి ఏప్రిల్ ముప్పయ్యో తారీఖు.

ఊళ్లో సన్న కంకి ఉందని తెలిసిన గంటకే క్రిసోఫోరో కత్తి నూరుకుని వచ్చాడు. ఏడాదికొకరికి వచ్చే పండుగ పెద్దరికం కోసం పద్నాలుగేళ్లు కాచుకున్న మనిషి. కొత్త టోపీ కూడా కొన్నాడు.

"బావా, కంకి కొయ్యకు," అన్నాను. "ఇదొక్కటే మిగిలింది."

"ఒక్కటే మిగిలిందనేగా వచ్చింది. పోయిన మూడేళ్లూ కాగితం కంకి కట్టారు. నా ఏడు కూడా కాగితమేనా?"

"కోస్తే చెట్ల వంశం ఆగిపోద్ది."

"కొయ్యకపోతే పండుగ ఆగిపోద్ది. చెట్టు ముఖ్యమా, శిలువ ముఖ్యమా? నువ్వే చెప్పు, గుళ్లో పేరు చదివించుకున్నోడివి."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. సెనైదా చట్టం గురించి ఏదో చెప్పబోయింది. చట్టం మాట వినగానే చుట్టూ చేరిన మగాళ్లందరూ క్రిసోఫోరో వైపు జరిగారు. మాకు చట్టమంటే అంత గౌరవం.

పిన్ని కోళ్లకు గింజలు చల్లుతూనే అంది, "కంకి శిలువ మీద ఉండాలి, అంతేనా?"

"అంతే అత్తా," అన్నాడు క్రిసోఫోరో.

"అయితే శిలువనే ఇక్కడికి మోసుకురండి. చెట్టు పక్కన నిలబెట్టి కంకిని తాడుతో కట్టుకోండి. కోయమని ఎవరు చెప్పారు, కట్టమనేగా ఆనవాయితీ?"

"గుడి వదిలి శిలువ ఒకరి పెరట్లోకి రావడమా? ఎప్పుడైనా ఉందా?"

"ఒకరి పెరట్లోకి రాకూడదా, ఈ గొడ్డుదాని పెరట్లోకి రాకూడదా? ఏది నీ బాధ?"

క్రిసోఫోరో టోపీ తీసి, లోపల ఏదో పోగొట్టుకున్నట్టు వెతికాడు. ఆవిడ తమాలెలు తినని నోరు ఆ గుంపులో ఒక్కటీ లేదు. కాసేపటికి కత్తిని ఒరలో పెట్టాడు. శిలువ చాలా బరువని, మోయడానికి ఎనిమిది మంది కావాలని గొణిగాడు.

మే మూడున బ్యాండుతో, తారాజువ్వలతో, వానలో తడుస్తూ శిలువ కోళ్ల గూటి పక్కకు వచ్చింది. కోళ్లు రెండు రోజులు గుడ్లు పెట్టలేదు. క్రిసోఫోరో చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ ఇదంతా తన ఆలోచనేనని చెప్పుకున్నాడు, చెప్పుకోనిచ్చాం. ఐదో తారీఖు పొద్దున శిలువకు కట్టిన కంకి విచ్చుకుంది. కింద కాగితం పరిచి మెల్లగా తట్టాను. పసుపు పొడి రాలింది, దానితోపాటు నువ్వుగింజంత పురుగులు నాలుగు. సెనైదా పురుగులకు కూడా నమస్కారం పెట్టింది. కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని లోయలోకి దిగాను. తాడు పట్టుకున్నది క్రిసోఫోరో. నా చెయ్యి మంచిది కాదని మళ్లీ అనలేదు, తాడు తన చేతిలో ఉంది కాబట్టి అవసరం లేదనుకున్నాడేమో. విడిన పొలుసుల మధ్య టర్కీ కోడి ఈకతో పుప్పొడి అద్దాను.

పద్నాలుగు నెలలు గడిచాక ఆ కంకి విడిపోయింది. బకెట్ పిన్ని పెరట్లో పెట్టాం. ఊరంతా వచ్చింది. క్రిసోఫోరో నమ్మకం చాలక తన ఇంటి నుంచి ఇంకో బకెట్ తెచ్చాడు. గింజలు పోశాను. కొన్ని తేలాయి. మిగతావి ఒకదాని వెనక ఒకటి మెల్లగా అడుక్కి దిగాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు.

క్రిసోఫోరో బకెట్లోకి వంగి, "వీటిలో గొడ్డువెన్ని వస్తాయో," అన్నాడు. పాపం, నోటికి అలవాటు.

"ఏది మగో ఏది ఆడో తెలియడానికి పదిహేనేళ్లు పడుతుంది," అంది సెనైదా.

"పదిహేనేళ్ల దాకా దేన్నీ ఏమీ అనకండి మరి," అంది యూఫ్రోసినా పిన్ని. మునిగిన గింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. "పెళ్లైన రెండో ఏడే నన్ను గొడ్డుదన్నారు. నా మొగుణ్ణి మాత్రం ఎవరూ బకెట్లో వేసి చూడలేదు."

ఆడవాళ్లలో ఒకరు ముందు నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు, మగాళ్లు నేల చూశారు. నేను కూడా నేలే చూశాను.

గింజలు మునిగిన తర్వాతి మే మూడున కూడా శిలువ ఆ పెరట్లోకే వచ్చింది. దాని గురించి ఎవరూ సభ పెట్టలేదు. కొత్త గుడ్డ చుట్టే వేళకు తల్లులందరూ వరుసగా నిలబడ్డారు. వాళ్లలో క్రిసోఫోరో పెళ్లాం ఆగాపిత, తొమ్మిది మంది పిల్లల తల్లి, వంటింట్లోకి వెళ్లి తమాలెల గిన్నె మీద మూత తనే పెట్టింది. తనే పిన్ని చేతులు తుడిచి, శిలువ గుడ్డ ఆ చేతుల్లో పెట్టింది.