పెరిగిందనొద్దు

నా ఫోన్లో ఒక డబ్బా ఉంది. దాని మీద 'గ్రోత్' అని రాసి ఉంటుంది. మా అంగన్‌వాడీ పిల్లల్ని నెలకోసారి తూచి ఆ డబ్బా నింపాలి. జహీరాబాద్‌లో ట్రైనింగ్ ఇచ్చిన మేడం ఆ ఒక్క మాటకు బోర్డు నిండా అర్థాలు రాసింది. ఇంక్రీజ్ అంది, గెయిన్ అంది, డెవలప్‌మెంట్ అంది. నేను బుద్ధిగా రాసుకున్నాను. రాసుకుంటూనే నిద్రపోయాను కూడా, అబద్ధమెందుకు.

ఆ కునుకులో బోర్డు మీద జొన్న పొట్టకొచ్చింది. చెరుకు గణుపు వేసింది. మట్టి కింద ఎవరికీ కనబడకుండా అల్లం ఊరింది. హైవే పక్క ప్లాట్ల ధర ఎక్కింది, ఎవరింట్లోనో ఆడపిల్ల ఎదిగొచ్చింది. మాకు ఇన్ని మాటలున్నాయి కదా మేడం, అన్నీ ఒక్క డబ్బాలో ఎట్లా పడతాయి అని అడగబోతుంటే పక్కామె మోచేత్తో పొడిచింది. లేచి చూస్తే అందరూ చాయ్ తాగుతున్నారు.

తమాషా ఏమిటంటే, ఇన్ని మాటలున్న మా దగ్గర చంటిపిల్లల దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ నోట రానివ్వరు. పిల్ల పెరిగిందంటే దిష్టి. బుగ్గలు బూరెల్లా ఉన్న పిల్లను చంకనెత్తుకుని, "ఏం తింటలేదు టీచర్, బక్కపడ్డది" అంటుంది తల్లి. నేను నవ్వుతాను, ఆమె నవ్వుతుంది. పిల్ల బాగుందని ఇద్దరికీ అర్థమైపోతుంది.

అనంతమ్మవ్వ ఇంట్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆమె కొడుక్కు పుట్టిన మొదటి పిల్లను చూసి ఎవరో "ఎంత ఏపుగ పెరిగిందో" అన్నారట. వారం తిరక్కుండా జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది. ఆ నోరు ఎవరిదా అని అవ్వ ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. రెండో పిల్ల దీక్షితకు ఏడాదిన్నర. కోడలు తెల్లారకముందే అల్లం పొలానికి కూలికి పోతుంది కాబట్టి పిల్ల పగలంతా అవ్వ దగ్గరే. ఆరు నెలల కింద కోడలు దొంగతనంగా తెస్తే తూచాను, ఏడు కిలోలుంది. సంగతి తెలిసి అవ్వ సగం ఊరికి వినబడేలా నన్ను తిట్టింది. మళ్లీ ఆ పిల్ల నా కాంటా ఎక్కలేదు.

నెలనెలా వాళ్ల గడప దాకా పోయి అడిగేదాన్ని.

"ఎట్లున్నదవ్వా దీక్షిత?"

"ఏమున్నది బిడ్డా, బక్కపడ్డది."

ఏ కాలమైనా స్వెట్టరూ టోపీల మూటలో నిద్రపోయే పిల్లను చూసి నేను నవ్వేదాన్ని. వచ్చి, అంచనాగా ఓ పావుకిలో కలిపి డబ్బా నింపేదాన్ని. తప్పే. అందరూ చేసేదే అనుకున్నాను.

ఈ నెల తనిఖీకి పెద్ద మేడం వస్తుందని కబురొచ్చింది. నా అంచనా లెక్క బయటపడకముందే ఆ పిల్లను తూచాలి. సరిగ్గా అప్పుడే అవ్వకు ఝరాసంగం గుళ్లో పాత మొక్కు ఉందని తెలిసింది. పిల్లకు బెల్లం తులాభారం. దేవుడి ముందు తరాజులో తూచితే దిష్టి లేదు! ఒక్కో ముద్ద సరిగ్గా కిలో. ముద్దలు లెక్కపెడితే నా పని అయిపోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, నేనూ వస్తానన్నాను.

సోమవారం పొద్దున అవ్వా, పిల్లా, నేనూ షేరింగ్ ఆటోలో బయల్దేరాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే రోడ్డు పక్క చెరుకు తోటలు ఉన్నాయో లేవో తెలియలేదు. ఎక్కడో ఎద్దు మెడగంట వినబడింది, ఎద్దు కనబడలేదు. ఆటో కదులుతోందో, లోకమే వెనక్కి పోతోందో. పిల్ల నా వేలు పట్టుకుని నిద్రపోయింది. మంచు లోపల అన్నీ మెల్లగా, చప్పుడు లేకుండా పెద్దవవుతున్నాయనిపించింది. అంత హాయిగా నేను ఎప్పుడూ లేను.

"పది ముద్దలు తెచ్చిన బిడ్డా. తక్కువైతయేమో," అంది అవ్వ సంచి నిమురుతూ.

గుళ్లో పూజారి తరాజు కట్టాడు. స్వెట్టరు విప్పి పిల్లను ఒక పళ్లెంలో కూర్చోబెట్టాం. పళ్లెం ఊగింది. దీక్షిత గాలిలో తేలుతూ కిలకిలా నవ్వింది. మంచులోంచి అప్పుడే వస్తున్న ఎండ ఆమె వెంట ఊగింది. అవ్వ రెండో పళ్లెంలో ఒక్కో ముద్దా పెడుతోంది, నేను మనసులో లెక్కపెడుతున్నాను.

ఏడో ముద్దకు పిల్ల పైకి లేచింది.

"తరాజు తప్పున్నది," అంది అవ్వ. పూజారి పళ్లేలు మార్చాడు. మళ్లీ ఏడే. సంచిలో మూడు ముద్దలు మిగిలాయి. పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. స్వెట్టరు లేని ఆ చేతులు నేను అప్పుడు చూశాను. నా డబ్బాలో ఆమె ఎనిమిదిన్నర కిలోలు.

అవ్వ మెట్ల మీద కూలబడింది.

"నీకు చెప్పిన గద బిడ్డా," అంది. గొంతులో కోపం కూడా లేదు. "బక్కపడ్డదని నెలనెల చెప్పిన. నువ్వు నవ్వినవ్."

అందరూ అనే మాటే అనుకున్నానని చెప్పనా? ఆమెకు నిజం చెప్పడానికీ ఆ ఒక్క మాటే ఉంది. ఆమె చెప్పింది, నేను నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"చాయ్‌ల బిస్కెట్ ముంచి పెడుతున్న. అన్నం పెడితె కక్కుతది," అంది మెల్లగా. "నువ్వు నవ్వుతుంటె మంచిగనే ఉన్నదేమో అనుకున్న."

పిల్లను దించి స్వెట్టరు తొడిగాను. "అవ్వా, జహీరాబాద్ దవాఖానకు పోదాం. ఇప్పుడే. అక్కడ ఉంచుకొని తిండి పెడ్తరు, మందులిస్తరు. నువ్వు కూడ ఉండొచ్చు. నేను సుత ఉంట."

వద్దంటుందనుకున్నాను. అవ్వ లేచి కొంగు బిగించింది. బెల్లం అక్కడే వదిలేసి నా వెనకే ఆటో దాకా వచ్చింది. ఎక్కి కూర్చున్నాక, చాలాసేపు పిల్ల మొహం చూసి, అటూ ఇటూ ఎవరైనా వింటున్నారా అని కూడా చూడకుండా అడిగింది.

"పెరుగుతదా బిడ్డా?"

"పెరుగుతదవ్వా."

అవ్వ నన్ను తిట్టలేదు, దిష్టి తియ్యలేదు.

"ఇంకోసారి అను," అంది.