దర్జీ ఎడమ చెయ్యి

గులాబీకి అంటు కట్టాలంటే రెండు చేతులు కావాలి. ఒక చేత్తో నాటు మొక్క మొదలు పట్టుకోవాలి. రెండో చేత్తో, పైన చీల్చిన చోట మంచి గులాబీ కొమ్మను దించి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టాలి. కోసిన చోటు తడి ఆరకముందే ఇదంతా అయిపోవాలి. ఆరిందంటే ఆ రెండూ ఇక కలవవు.

మా తోటలో రెండు చేతులూ ఆడే మనిషి ఒక్కతే. కసరత్తులు చేయించే అమ్మాయి.

అది పక్షవాతం వచ్చి పడిపోయినవాళ్ళను మళ్ళీ లేపే చోటు. ముందువైపు పొడుగాటి హాలు. గోడల వెంట పట్టుకుని నడవడానికి కడ్డీలు, ఎక్కి దిగడం నేర్చుకోవడానికి ఎక్కడికీ పోని మెట్లు. వెనక తలుపు తీస్తే తోట. తోటంటే నేలమీద కాదు. చక్రాల కుర్చీ కిందకు దూరేంత ఎత్తున బల్లలు, వాటి మీద మట్టి తొట్లు. నీళ్ళ డబ్బాలకు, తవ్వుకోలలకు గుడ్డ చుట్టి లావు చేసిన పిడులు. కత్తి మాత్రం ఎవరికీ ఇవ్వరు. కోతంతా ఆ అమ్మాయిదే.

నాది తాళాల పని. ఒకరోజు పొద్దున తాళంచెవి అరగదీస్తుంటే ఆకురాయి చేతిలోంచి జారింది. తీసుకుందామంటే కుడి చెయ్యి రాలేదు. అప్పటినుంచీ అది భుజానికి వేలాడే బరువు. ఎడమ చేత్తో తింటే సగం ఒళ్ళో పడేది. అది చూడలేక కోడలు చెంచా తీసుకుంది. మంచి పిల్ల, ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆమె విసుక్కుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నా చేత్తో నేను తినాలి, అంతే. అందుకే ఇక్కడికి వచ్చాను.

దర్జీ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. నాకంటే చిన్నవాడు, భారీ మనిషి. ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. ఎడమ చెయ్యి పూర్తిగా చావలేదు గాని, ఒకసారి పిడికిలి పడితే ఇక తెరుచుకోదు. నేను మొదట చూసినప్పుడు ఆయన కుర్చీ తోటకు వీపుపెట్టి, గోడకు ఎదురుగా ఉంది.

"కుర్చీ ఇటు తిప్పనా?" అని అమ్మాయి అడిగింది.

"గోడే బాగుంది. ఏమీ అడగదు."

ఆయన భార్య మధ్యాహ్నం కారియరు తెచ్చేది. చాలాసార్లు మూత తియ్యకుండానే తిరిగి వెళ్ళేది. అమ్మాయి బతిమాలితే ఆయన ఒకటే చెప్పేవాడు.

"కుట్టుపనిలో కుడి చెయ్యి కూలీ తల్లీ, ఎడమ చెయ్యి మేస్త్రీ. గుడ్డ ఎటు పోవాలో చెప్పేది అదే. మేస్త్రీ పోయాడు. కూలీవాడు తిని ఏం చేస్తాడు?"

ఒకరోజు బల్లలు చాలక నన్ను తెచ్చి ఆయనకు ఎడమవైపు కూర్చోబెట్టారు. అమ్మాయి నాటు మొక్క తల కోసి, చీల్చి, గులాబీ కొమ్మ చివర రెండువైపులా చెక్కి నా ముందు పెట్టింది. ఇంతలో హాల్లో ఎవరో పడ్డారు. ఆమె పరిగెత్తింది. నేను ఎడమ చేత్తో మొక్క పట్టుకున్నాను. ఇక చుట్టడానికి నాకు చెయ్యి లేదు. దర్జీ వైపు చూశాను.

"ఏంటి చూస్తావ్? నోటికి తాళం వేసుకున్నావా?"

"ఆరిపోతోంది," అన్నాను.

ఆయన నన్ను తిట్టుకుంటూనే కుడి చెయ్యి చాపాడు. కొమ్మను చీలికలో దించి, పట్టీ తీసుకుని చుట్టాడు. చుట్టు మీద చుట్టు, ఎక్కడా సందు లేదు. చివర ముడి వేలి కొసతో లోపలికి తోసి, అప్పుడు మొదటిసారి మొక్క వైపు సరిగ్గా చూశాడు.

"ఇంకోటి ఉందా?" అన్నాడు.

అలా మొదలైంది. నా ఎడమ, ఆయన కుడి. మధ్యలో మా చచ్చు చేతులు రెండూ ఒళ్ళో పడి నిద్రపోయేవి. హాల్లో వాళ్ళంతా వచ్చి చూసేవారు. ఇద్దరూ కలిసి ఒక మనిషయ్యారని ఎవరో అంటే, దర్జీ ఊరుకోలేదు.

"ఒక మనిషే గాని నోరు నాది ఒక్కటే. ఆయనది బిగించేసిన తాళం, చెవి పారేసుకున్నాడు. ఏం బావా?"

"ఊఁ," అన్నాను.

నన్ను బావా అనడం ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తులేదు. ఆయన భార్య నన్ను అన్నయ్యా అనేది. కారియరు ఖాళీగా వెళ్ళడం మొదలైంది. వెళ్ళేటప్పుడు గిన్నెల చప్పుడు వినబడేది. నిండు కారియరు చప్పుడు చెయ్యదు. ఆ చప్పుడు వింటే నాకూ ఆకలి వేసేది. మేం కట్టిన అంట్లు చాలావరకు పట్టాయి. గులాబీల వరస బల్ల చివరిదాకా వచ్చింది.

నెల తిరిగాక అమ్మాయి మా చేతులు చూసింది. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది. నా వేళ్ళు బంతి మీద ఆగలేదు. దర్జీ పిడికిలిలోంచి బంతి తియ్యడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బొటనవేలు అరచేతిలోకి దిగబడిపోయింది. ఆమె మొహం వాడిపోయింది.

"తాతా, మీరు వచ్చినప్పటికంటే మీ చేతిలో బలం తగ్గింది. బాబాయిది ఇంకా బిగుసుకుంది. తప్పు నాదే. మీరిద్దరూ నవ్వుతుంటే ముచ్చటేసి ఊరుకున్నాను."

"అంట్లు పడుతున్నాయి కదమ్మా," అన్నాడు దర్జీ.

"అంట్ల కోసం కాదు బాబాయ్ ఇక్కడికొచ్చింది. మంచి చేతులు రెండూ పని లాగేస్తుంటే పడిపోయిన చెయ్యి ఎందుకు లేస్తుంది? దానికి పని చెప్పకపోతే అది ఉన్న సంగతే తల మర్చిపోతుంది."

తిప్పని తాళం తుప్పు పడుతుంది. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు.

మర్నాడు బల్లలు వేరు చేసింది. గుడ్డతో కుట్టిన చిన్న సంచులు తెచ్చింది. తోటలో ఉన్నంతసేపూ మంచి చెయ్యి ఆ సంచిలో పెట్టి మణికట్టు దగ్గర కట్టాలి. ఏం చేసినా చచ్చు చేత్తోనే చెయ్యాలి. నేను చెయ్యి చాపాను. దర్జీ తన చెయ్యి చంకలో దాచుకున్నాడు.

"ఉన్న ఒక్క చెయ్యీ మూట కట్టేస్తావా? నా వల్ల కాదు. నువ్వు కట్టించుకున్నావా బావా?"

"ఊఁ."

"అంటే నీ చెయ్యి నీకు ముఖ్యం."

నేను నా బల్ల వైపు తిరిగాను. ముఖ్యమే మరి.

సంచి కట్టుకున్నాక మొదట్లో ఏడుపొచ్చేది. ఒక చిటికెడు మట్టి తొట్లో వెయ్యడానికి ఒక పూట పట్టేది. పోనుపోను బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి వెతుక్కోవడం మొదలెట్టాయి. ఒకరోజు మట్టిలోంచి ఎండుటాకు పైకి తీశాను. నా చేతిలోనే ఉంది, జారలేదు. చూపిద్దామని పక్కకు తిరిగాను. దర్జీ కుర్చీ మళ్ళీ గోడవైపు తిరిగి ఉంది.

కారియరు మళ్ళీ చప్పుడు లేకుండా వెళ్ళసాగింది.

ఆయన భార్య ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కారియరు కింద పెట్టలేదు.

"అన్నయ్యా, నిన్నటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇలాగే ఉంటే రేపో ఎల్లుండో ముక్కులోంచి గొట్టం వేస్తారట. వేస్తే పీకి పారేస్తానంటున్నాడు. అన్నంత పనీ చేస్తాడు, నాకు తెలుసు. మనిషి నా కళ్ళముందే పోయేట్టున్నాడు."

నేను తల దించుకున్నాను.

"మీతో అయితే మాట్లాడేవాడు. మీరు ఒక్క మాట చెప్పండి."

"ఏం చెప్పాలమ్మా?"

"ఏదో ఒకటి."

ఏదో ఒకటి చెప్పడం నాకు చేతకాదు. ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాను. సంచి విప్పేసి, మళ్ళీ పక్కన కూర్చుంటే ఆయన తింటాడు. నా వేళ్ళు మళ్ళీ నిద్రపోతాయి. ఆయన పిడికిలి రాయైపోతుంది. కూర్చోకపోతే నా చెయ్యి నాకు వస్తుంది. ఆయన ఉండడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి.

అలా చూస్తూ ఉంటే ఆయన కుర్చీకి కుడిపక్కన ఖాళీ కనబడింది. ఇన్నాళ్ళూ నేను ఎడమపక్కనే కూర్చున్నాను. అటు కూర్చుంటే మంచి చేతులు అటూ ఇటూ బయటకు ఉంటాయి, చచ్చు చేతులు మధ్యలో పడతాయి. ఇటు కూర్చుంటే? మంచివి మధ్యకు వస్తాయి. బయట వైపు ఆయన ఎడమ, నా కుడి.

మర్నాడు అమ్మాయిని పిలిచాను.

"ఒక అంటు కొయ్యమ్మా."

"మీకా?"

గోడవైపు చూపించాను.

"వద్దు తాతా. కథ మళ్ళీ మొదటికొస్తుంది."

సంచి చెయ్యి ఎత్తి చూపించాను. "ఇది ఇలాగే ఉంటుంది. నా కుర్చీ ఆయనకు అటుపక్కన వెయ్యి."

ఆమె తన చేతులు గాలిలో అటూ ఇటూ మార్చి చూసుకుంది. "ఆయన పట్టు ఊడదు... మీ పట్టు నిలవదు..." అని తనలో తనే అనుకుంది. తర్వాత నా కుర్చీ తోసుకుంటూ వెళ్ళి దర్జీకి కుడిపక్కన పెట్టింది. ఆయన కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసింది. దాని మీద తొట్టి పెట్టి, అక్కడే నిలబడి కోసి, చీల్చి, కొమ్మ చెక్కి పెట్టింది. వెనక్కి జరిగింది.

"ఎందుకొచ్చావ్?" అన్నాడు దర్జీ, గోడతో మాట్లాడినట్టు.

నేను కుడి చెయ్యి ఎత్తాను. కొమ్మ అందింది, జారింది. మళ్ళీ అందింది. చీలిక దాకా తీసుకెళ్ళి దించబోతే మొక్క అటు ఊగింది, కొమ్మ పలక మీద పడింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పడింది. కోసిన చోట తెల్లదనం మారుతోంది. ఆయన కంటి కొసతో చూస్తూనే ఉన్నాడు.

"చేతకాని పని ఎందుకయ్యా నీకు?"

ఆయన కుడి చెయ్యి లేచింది. నేను సంచి చెయ్యి దాని మీద వేసి పలకకు అదిమాను.

"తియ్యి."

తియ్యలేదు.

"తియ్యమంటున్నానా! ఎండిపోతోంది, కనబడట్లేదా?"

గుంజాడు. తిండి లేని మనిషి, అయినా బలం ఉంది. నేను భుజం కూడా వాల్చి అదిమాను.

"ఆ చెయ్యి కాదు," అన్నాను.

ఆయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ముసలి పీనుగన్నాడు, మొండి గాడిదన్నాడు, నీ తాళాల కొట్టు తగలబడ అన్నాడు. తలుపు దగ్గర ఆయన భార్య కారియరుతో వచ్చి నిలబడిపోయింది. అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తిట్లు అయిపోయాయి. ఆయన రొప్పుతూ కొమ్మకేసి చూశాడు.

ఒళ్ళో పడున్న ఎడమ చెయ్యి కదిలింది. మెడ నరాలు తేలాయి, చెవుల దాకా మొహం ఎర్రబడింది. ఆ చెయ్యి పలక అంచు దాకా వచ్చి ఆగింది. అంచు ఎక్కలేక కిందికి జారింది. మళ్ళీ వచ్చింది. పలక ఎక్కి, తొట్టిని గుద్దింది. మట్టి ఒలికింది. వేళ్ళు మొక్క మొదలు చుట్టూ చేరి, ఒక్కసారిగా మూసుకున్నాయి.

మొక్క ఇక ఊగలేదు.

కొమ్మను చీలికలో దించాను. పట్టీ ఒక చుట్టు తిప్పితే వదులైపోయింది. కొస పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. వంగి పళ్ళతో పట్టుకున్నాను. అలా పళ్ళతో లాగి, వేళ్ళతో తిప్పి, మళ్ళీ పళ్ళతో లాగి చుట్టాను.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకు నోరు తెరిచాడు," అన్నాడు దర్జీ. "ఇంత వంకర చుట్టు నేను పుట్టాక చూళ్ళేదు."

పని అయింది. ఆయన పిడికిలి మాత్రం తెరుచుకోలేదు. అమ్మాయి వచ్చి వేళ్ళు విడదియ్యబోయింది.

"ముట్టుకోకు తల్లీ. ఇప్పుడు లాగితే కొమ్మ ఊడొస్తుంది. ఉండనీ."

నేను సంచి చెయ్యి తీశాను. అదిమిన చోట ఆయన చేతి మీద ఎర్రగా గుర్తు పడింది. ఆయన ఆ చెయ్యి విదిలించుకుని, తలుపు వైపు తిరగకుండానే అడిగాడు.

"అక్కడే నిలబడతావా? ఏం తెచ్చావ్?"

ఆమె వచ్చి పలక మీదే కారియరు విప్పింది. ఆయన కుడి చేత్తో తింటున్నాడు. ఎడమ చెయ్యి మొక్కను పట్టుకునే ఉంది. నాలుగు ముద్దలు తిన్నాక ఆగాడు.

"ఉప్పు వెయ్యలేదు."

"తిండి మానేసిన నాలుకకు ఉప్పేం తెలుస్తుంది?" అంది ఆమె.

"తెలుస్తోందిగా."

ఆమె నా వైపు చూసింది. తోటవైపు తిరిగి మొహం తుడుచుకుంది. ఆయన గిన్నె అంచు గోకే చప్పుడు మాత్రం వినబడుతూ ఉంది.

ఆ అంటు పట్టలేదు. కొన్నాళ్ళకు కొమ్మ పైనుంచి నల్లబడింది. పొద్దున్నే అది చూశాను. దర్జీకి ఎలా చెప్పాలో తెలియక, తొట్టిని పక్క బల్ల కిందకు తోశాను. కానీ ఆయన అప్పటికే చూసేశాడు. కుర్చీ తోసుకుంటూ వచ్చి, వంగి, కొమ్మను వేలితో తాకాడు.

"నీ చుట్టు వదులు బావా. నా పట్టులో లోపం లేదు."

"ఊఁ."

"ఊఁ అంటే సరిపోదు. ఇవాళ పళ్ళు పెట్టావంటే ఊరుకోను. వేళ్ళతో చుట్టు."

అమ్మాయి సంచులు పట్టుకుని వచ్చింది. అలవాటుగా నా దగ్గరికి వస్తుంటే దర్జీ అడ్డంగా తన కుడి చెయ్యి చాపాడు.

"ముందు నాకు కట్టు. గట్టిగా కట్టు, మళ్ళీ ఆ ముసలాయన నా మీద పడకుండా."