గీతక్క

గీతక్క చేతులకు స్పిరిట్ రాసుకుని, ల్యాబులో కణాలు పెంచే వెచ్చని పెట్టె తలుపు తీసింది. నిన్న గీసిన పళ్ళేన్ని తొణకకుండా తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. అరచేతంత ప్లాస్టిక్ పళ్ళెం, ఆరు గుంటలు. ప్రతి గుంట అడుగునా రొమ్ము క్యాన్సరు కణాలు చాప పరిచినట్టు ఉంటాయి. ఆ చాప మీద సన్నని మొనతో ఒక్క గీత గీయాలి. మర్నాటికి రెండు గట్ల నుంచీ కణాలు పాక్కుంటూ వచ్చి ఎంత ఖాళీ పూడ్చాయో కొలవాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. గీత వంకర పోయిన రోజు లేదు. అందుకే అందరికీ గీతక్క. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది.

మందు వేయని మూడు గుంటల్లో గీత పూడిపోయింది. వేసిన మూడింట్లో గీత సగం ఇంకా తెరిచే ఉంది.

"అమ్మాయ్, ఇటు రా."

పరిశోధన చేసే అమ్మాయి వచ్చి కన్ను ఆనించింది. "ఆగాయక్కా!"

"నీ మందు అసలు ఏం చేస్తుందే?"

"కణం ఒంటి మీద రెండు ప్రోటీన్లున్నాయక్కా. అవి చేతులు కలిపితేనే పెరగమనీ, కదలమనీ లోపలికి కబురు వెళ్తుంది. మన మందు వాటిని కలవనివ్వదు."

"మొగుడూ పెళ్ళాల మధ్య దూరే ఆడపడుచన్నమాట."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగకముందే గీతక్క అడిగింది. "మనుషులకెప్పుడిస్తారు?"

"అన్నీ కలిసొస్తే పదేళ్ళు."

"సరే, కొలతలు చెప్తాను, రాసుకో."

మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి భర్తకు ఫోన్ చేసింది. అతను బస్సు డ్రైవరు.

"పొద్దున వస్తూ రిపోర్టు తెచ్చుకున్నా. మళ్ళీ వచ్చిందట. వెన్నెముకలోకి పాకింది."

ఎడమ రొమ్ము తీసేసి నాలుగేళ్ళయింది. అవతల డిపోలో ఇంజన్ల మోత. అతను, "నేనొచ్చి తీసుకెళ్ళనా?" అన్నాడు.

"ఇంకా ఆరు గీతలున్నాయి. సాయంత్రం రా."

ఆరూ గీసింది. ఊడిన కణాలను కడిగి, మూడు గుంటల్లో మందు వేసి, మూత మీద తేదీ రాసింది. వెళ్ళేముందు అమ్మాయి బల్ల దగ్గర ఆగింది.

"రేపు ఫోటోలు నువ్వే తీసుకోవాలమ్మా. నాకు కొన్నాళ్ళు సెలవు."

"ఊరెళ్తున్నారా అక్కా?"

"ఆసుపత్రికి."

అమ్మాయి లేచి నిలబడింది. గీతక్క ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

మూడు నెలలకు పోయింది. అమ్మాయి తనే గీయడం నేర్చుకుంది. మొదట్లో అన్నీ వంకరే. మైక్రోస్కోపు ముందున్న స్టూలు మీద, మొగుడి పాత ఖాకీ ప్యాంటుతో గీతక్క కుట్టుకున్న దిండు ఉండేది. దాన్నెవరూ తీయలేదు. ఒక పక్కన ప్యాంటు జేబు అలాగే ఉంది, గుండీ పెట్టి.