ఏడో ట్యాంకు గొట్టం

సబ్బుల ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో ప్యానెలమ్మ పొద్దున ఎనిమిదింటికల్లా కూర్చునేది. కింద ట్యాంకుల్లో వేడి ఎంతుందో, నూనె ఏ మట్టంలో ఉందో కొలిచే పనిముట్లు సన్నటి రాగి గొట్టాల్లోంచి గాలిని పైకి తోసేవి. ఆ ఒత్తిడికి ప్యానెల్ మీద ముల్లు కదిలేది. ముల్లు చూసి ఆమె మీట తిప్పితే, ఇంకో గొట్టంలో గాలి కిందికెళ్లి వాల్వు మూసేది.

ఏడో ట్యాంకు గొట్టం మాటలు కూడా మోసుకొచ్చేది. కాకపోతే పంతొమ్మిదేళ్లు ఆలస్యంగా. ట్యాంకు పక్కన నిలబడి ఎవరెవరో ఎప్పుడో ఆడిన మాటలు వినబడుతుంటే, షిఫ్టు దిగేవాళ్లు "ఇవాళేమంటున్నారు?" అని అడిగి, సంతకం పెట్టి వెళ్లిపోయేవారు.

ఆ ఏడు కొత్త సిస్టమ్ వచ్చింది. ట్యాంకుల దగ్గర సెన్సర్లు, మధ్యలో బీరువాలాంటి పెట్టెల్లో కంట్రోలర్లు, అక్కణ్ణుంచి నెట్‌వర్క్ కేబుల్, పైన స్క్రీన్లు. కింద కొలిచింది రెప్పపాటులో పైకొచ్చేస్తోంది. రాగి గొట్టాలు ఊడదీసే పని మెకానిక్‌కి పడింది. తలొంచుకుని పని చేసుకుపోయే మనిషి. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ పెళ్లి ఊసే ఎత్తలేదని అందరూ అనుకునేవారు.

గురువారం టీ వేళ గొట్టంలోంచి ఫోర్‌మన్ నవ్వు వినబడింది. ప్యానెలమ్మకి పని నేర్పింది ఆయనే. పోయి ఆరేళ్లయింది. ఆమె కప్పు పక్కన పెట్టి చెవి ఒగ్గింది.

"అడిగెయ్యరాదూ? మహా అయితే కాదంటుంది," అంటున్నాడాయన.

"పైన ప్యానెల్ దగ్గర కూర్చునే ఆవిడ, సార్. ఎదురుపడితే నాకు నోరు పెగలదు." అది మెకానిక్ గొంతు, ఇంకా లేతగా ఉంది. "వచ్చే వారం అడుగుతా."

పంతొమ్మిదేళ్ల కిందటి ఆ వచ్చే వారం ఆమెకి గుర్తొచ్చింది. అతను పైకొచ్చి, ప్యానెల్ మీద కాగితంపై గ్రాఫు గీసే పెన్నులో ఇంకు సరిపోతోందా అని అడిగి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇంకు నిండుగా ఉందని ఆమె చెప్పింది. అంతే.

ప్యానెల్ పక్కామెకి అప్పగించి కిందికెళ్లింది. మెకానిక్ ఎనిమిదో గొట్టం విప్పి చుట్ట చుడుతున్నాడు.

"ఆరు తీశారు, ఎనిమిది తీశారు. ఏడు వదిలేశారేం?"

"తీద్దామనే ఉన్నా," అన్నాడు తలెత్తకుండా.

"వచ్చే వారం అడుగుతానన్నారట."

అతని చెయ్యి ఆగిపోయింది. "వచ్చిందా అది?"

"ఇందాకే."

గొట్టం నేల మీద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, అడిగాడు. రెండుసార్లు మాట తడబడింది, అయినా అడిగాడు.

"ఆదివారం మా అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు, రండి," అందామె. "ఆ నూనె బూట్లతో మాత్రం రాకండి."

ఆదివారం అతను వచ్చాడు, కొత్త చెప్పులు కరిచి కాస్త కుంటుకుంటూ.