టైగరు ముట్టని నీళ్లు

రేంజి ఆఫీసరు గణపతిరావుగారు లోపలి అడవికి క్యాంపు వెళుతూ తన కుక్కను నాకు అప్పగించారు. అక్కడ చిరుతలు ఎత్తుకుపోతాయని ఆయన భయం. దాని పేరు టైగరు. పేరే గొప్ప, చెవులు నేలకు రాసుకుంటూ తిరిగే బొచ్చుకుక్క అది. నేను అనంతగిరి ఘాటీ మీద ప్రభుత్వ బంగళాకు వాచరుని, పేరు యర్రయ్య, సొంతూరు శృంగవరపుకోట. కుక్కకు ఏమైనా అయితే నా ఉద్యోగం ఊడుతుందని ఆయన నోటితో అనలేదు. అనాలా?

దాని నీళ్ల గురించి మాత్రం కాగితం మీద రాసిచ్చారు. కొండనీళ్లు తాగితే జ్వరం పట్టుకుంటుందట. అది 1926 వేసవి, కలరా భయంతో బావుల్లో ఊదారంగు మందు వేస్తున్న రోజులు. ఆ మందు పలుకుల సీసా ఒకటి చేతికిచ్చి, కాచి చల్లార్చిన నీళ్లలో పూటకు రెండు పలుకులు కలిపి పెట్టమన్నారు.

గిన్నె పెట్టాను. టైగరు వాసన చూసి, నా మొహం చూసి, అవతలికి పోయి పడుకుంది. కొత్తచోటు బెంగ అనుకున్నాను. మర్నాడు గిన్నె బూడిదతో తోమి పెట్టాను. ఇత్తడి చెంబులో పోశాను, మట్టి ముంతలో పోశాను, చివరికి బెల్లం కూడా కలిపాను. ఏం చేసినా రెండు పలుకులు మాత్రం మానలేదు. గవర్నమెంటు మనిషిని, కాగితం దాటుతానా? సాయంత్రానికి దాని ముక్కు ఎండిపోయింది, పిలిస్తే తలెత్తలేదు.

అప్పుడే గూడెం నుంచి సోములమ్మ బంగళాకు కట్టెలు తెచ్చింది. మోపు దించి సంగతేమిటని అడిగింది. కాగితం చదివి వినిపించాను. అంతా విని టైగరును చంటిబిడ్డలా చంకనేసుకుని ఊట వైపు నడిచింది. వద్దు వద్దంటూ కాగితం పట్టుకుని వెనకాల పరుగెత్తాను.

గూడెమంతా ఆ ఊట నీళ్లే తాగుతారు. చీల్చిన వెదురులోంచి జారి, పాకుడు పట్టిన రాతిగుంటలో పడుతుంటాయి. టైగరు ఆ గుంటలో మూతి పెట్టింది. చెవులు కూడా నీళ్లలోనే. అది తాగుతున్న చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి రెండు పూటలా ఊటకే తీసుకెళ్లాను. సీసా తరగాలి కదా, మందు పలుకులు రోజూ తీసి పారేశాను. అంతటి నిజాయితీపరుణ్ణి.

పదోరోజు ఆఫీసరుగారు దిగారు. నిగనిగలాడుతున్న కుక్కను చూసి, అంతా మందు మహిమేనన్నారు. నేను పళ్లికిలించాను. రేపటినుంచి గూడెం ఊటలో కూడా అదే మందు పోయమని ఆయన హుకుం వేశారు. కట్టెలు పేరుస్తున్న సోములమ్మ చేతులు ఆగిపోయాయి. నావైపు చూసింది. ఆ చూపు ముందు నిలవలేకపోయాను.

"తప్పయిపోనాది బాబూ" అన్నాను. "కుక్క ఆ మందునీళ్లు ముట్టనేదు. ఊట నీళ్లే తాగింది. ఈయమ్మే బతికించింది."

ఆయన మొహం కందగడ్డయింది. నా మాట అబద్ధమని తేల్చడానికి తానే మందు కలిపి గిన్నె పెట్టారు. టైగరు వాసన చూసి, ఆయన కుర్చీ వెనక్కి పోయి పడుకుంది. మొండి కుక్క అన్నారు.

సోములమ్మ ఆ గిన్నెను రెండు చేతులా ఎత్తి ఆయన ముందు పట్టుకుంది. "నువ్వు తాగి సూపించు బాబూ. ఆనక మా ఊటలో పోసుకో."

మేమిద్దరం చూస్తుండగా ఆయన ఓ గుక్క నోట్లో పోసుకున్నారు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు తిరిగాయి. గబగబా వరండా చివరికి వెళ్లి ఉమ్మేశారు. చాలాసేపు మీసం తుడుచుకుని, ఊట జోలికి పోవద్దనీ, అక్కడినుంచి తనకో చెంబెడు నీళ్లు తెమ్మనీ అన్నారు.

ఉద్యోగం పోలేదని ఒళ్లంతా తేలికైంది. కానీ చెంబు పట్టుకుని వెళుతుంటే సిగ్గేసింది. రెండు రోజులు ఆ మూగజీవి మూతి ముందు గిన్నె పెట్టినవాణ్ణి, ఒక్క చుక్క నా నాలుక మీద వేసుకుని చూడలేదు.