నలభై ఒకటో పుట

వాణి నీ చరణముల్ వదలక తలఁతు
ప్రాణమై పలుకులో పదిలమై నిలుము

ఎవరి నోట పుట్టిన మాటను వారి పేరనే లోకానికి అందించే బుద్ధినిచ్చే ఆ చదువుల తల్లికి మొక్కి, ఇక కథ.

విశ్వవిద్యాలయంలో ప్రతి సిద్ధాంత గ్రంథాన్నీ సమర్పణకు ముందు గ్రంథాలయంలోని ఒక యంత్రం పరీక్షిస్తుంది. ఇదివరకే అచ్చయిన రాతలతో పోల్చి, కలిసిన చోటల్లా ఎర్రరంగు పూస్తుంది. ఆ ఉదయం జ్యోతిర్మయి మూడో అధ్యాయం మొదలు నుంచి చివరి దాకా ఎర్రబడి బయటికి వచ్చింది. వరినాట్లు వేసే స్త్రీల పాటల మీద ఆమె ఏళ్ల తరబడి చేసిన శ్రమ అది. యంత్రం చూపిన మూలం, ఆచార్య దయాకర్ ఇటీవల ఒక పత్రికలో ప్రకటించిన వ్యాసం. దయాకర్ ఆమె పర్యవేక్షకుడు. ఆ అధ్యాయపు తొలి ప్రతిని దిద్దిపెట్టమని ఆమె నమ్మి ఇచ్చింది ఆయన చేతికే.

"సార్, ఇది నా చాప్టర్" అంది, ఆయన గదిలో నిలబడి.

"నీది నాది ఏంది జ్యోతీ? నాట్ల పాటలు మా ఊర్లె పాడలేదా? పదేండ్ల సంది రాసుకుంటున్న. నువ్వే నా నోట్స్ జూసి రాసినవంటే ఏం జెప్తవ్?" అన్నాడు దయాకర్, టీ ఊదుకుంటూ. "సప్పుడు జెయ్యక ఆ చాప్టర్ మార్చుకో. లేకుంటే థీసిస్ ఆగిపోతది."

ఆమె ఏడవలేదు. తార్నాకలోని అద్దెగదికి వచ్చి, తలుపు వేసుకుని, ఆ వ్యాసాన్ని అక్షరం విడవకుండా చదివింది. చివర ఆధారాల పట్టిక దగ్గర ఆమె వేలు ఆగింది.

"బుచ్చవ్వ. నాటు పాటలు. మల్కాజ్‌గిరి, 2021. పుట 41."

బుచ్చవ్వ ఆమె అమ్మమ్మ. పుస్తకం రాయడం మాట అటుంచి, సంతకం కూడా చేయదు. మల్కాజ్‌గిరి ఇంట్లో బియ్యంలో రాళ్లేరుతూ ఆమె పాడుతుంటే జ్యోతిర్మయి ఫోనులో రికార్డు చేసింది. ఆధారాలను వరుసగా పేర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ అప్పట్లో తనకు కొత్త. నోటితో చెప్పినవారిని ఎక్కడ చేర్చాలో తెలియక పుస్తకాల గడుల్లో నింపేసింది. ఇల్లున్న చోటు ముద్రణ స్థలమైంది. రికార్డులోని నలభై ఒకటో నిమిషం నలభై ఒకటో పుట అయింది. తరువాత తప్పు తెలిసి తన ప్రతిలో సరిదిద్దుకుంది. దయాకర్ దగ్గర ఉన్నది మాత్రం పాత ప్రతి. ఆయన పాటలతో పాటు ఆ తప్పునూ ఎత్తుకుపోయాడు.

జ్యోతిర్మయి నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు.

ఫిర్యాదు చేస్తే ఏదో ఒక గదిలో కూర్చోబెట్టి సర్దిచెబుతారు. ఆమెకు కావలసింది సర్దుబాటు కాదు. ఏ వేదిక మీద ఆమె పంటను ఆయన తన పంటగా పంచుతాడో, ఆ వేదిక మీదనే ఆయన తల వంగాలి. వచ్చే నెల సదస్సులో దయాకర్ అదే వ్యాసం చదవబోతున్నాడు. అప్పటిదాకా ఆయన ఎదురైనప్పుడల్లా ఆమె చేతులు జోడించి నమస్కరించింది. దయాకర్ అది భయమనుకున్నాడు.

సదస్సు నాడు శాఖాధ్యక్షురాలు సుధామయి అధ్యక్షపీఠంలో కూర్చున్నారు. దయాకర్ గొంతు సవరించుకుని చదివాడు. చప్పట్లు మోగాయి. అవి పూర్తిగా ఆగాక జ్యోతిర్మయి లేచింది.

"సార్, బుచ్చవ్వ పుస్తకం నాకు యాడా దొరకలేదు. మీరు చూసిన్రా?"

"చూడకుంట రాస్తనా అమ్మా? రేర్ బుక్. ఒక కాపీ నా దగ్గర్నే ఉన్నది."

"నలభై ఒకటో పేజీల పాట..."

"ఆ, పేజీ కింది భాగంల ఉంటది."

"ఆమె ఎవరు సార్?"

దయాకర్ చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. "పాత తరం పండితురాలు. పోయింది, పాపం."

"దయాకర్ గారూ, అంత అరుదైన పుస్తకం మన లైబ్రరీలో ఉండాలండీ. రేపు తెచ్చిపెడతారా?" అన్నారు సుధామయి.

"తప్పకుండా మేడమ్."

"రేపటిదాంక ఎందుకు మేడమ్? పుస్తకం గీడనే ఉన్నది." జ్యోతిర్మయి వెనుక వరుస వైపు తిరిగింది. "అమ్మమ్మా, జర లే."

కొంగు సర్దుకుంటూ బుచ్చవ్వ లేచి నిలబడింది. "నేను సచ్చిపోయిన్నా బిడ్డా? నాకు ఎవ్వలు చెప్పనేలేదు గదా!"

సభ గొల్లుమంది.

"నన్నెప్పుడు సదివినవ్ సారూ? నేనైతే నిన్ను ఎన్నడు చూడలే."

జ్యోతిర్మయి ఫోనును మైకు దగ్గర పెట్టి, నలభై ఒకటో నిమిషం వినిపించింది. చేటలో బియ్యం చప్పుడు, బుచ్చవ్వ గొంతు, దయాకర్ ఇప్పుడే చదివిన పాట. నడుమ జ్యోతిర్మయి మాట: "అమ్మమ్మా, గా చరణం మళ్లొక్కసారి అను." దయాకర్ నీళ్లగ్లాసు అందుకోబోతే అది చేయి జారి బల్ల మీద దొర్లింది. ఎత్తి నిలబెట్టడానికి పక్కనున్నవారెవరూ చేయి చాపలేదు.

విచారణ జరిగింది. పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించి, కారణాన్ని బహిరంగంగా ప్రకటించింది. మూడో అధ్యాయం జ్యోతిర్మయిదే అని తేలింది. సుధామయి ఆమెకు పర్యవేక్షకురాలయ్యారు.

సమర్పణకు ముందురోజు తార్నాక మెట్రో మెట్ల దగ్గర దయాకర్ ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"జ్యోతీ, నీ థీసిస్ ఆధారాలల్ల నా వ్యాసం పెట్టినవంట. రద్దయిన దాన్ని ఎందుకమ్మా? తీసెయ్యి, నీకు పుణ్యముంటది."

"నా పాటలు ఎట్ల దొంగతనమైనయో రాసిన సార్. రాసినంక ఆధారం చూపియ్యాలె గదా? ఎవలది వాళ్ల పేరు మీద పెట్టాలెనని మొదటి క్లాసుల మీరే నేర్పిన్రు."

ఆమె చేతులు జోడించి, ఎప్పటిలాగే నమస్కరించి, మెట్లెక్కింది.

ఆ సిద్ధాంత గ్రంథం నేడు గ్రంథాలయంలో ఉంది. ఆధారాల పట్టికలో బుచ్చవ్వ పేరు మౌఖిక ఆధారంగా, ఊరుతో తేదీతో సహా, పద్ధతి ప్రకారం ఉంది. అదే పుటలో కాస్త పైన దయాకర్ పేరు, వ్యాసం పేరు, ఆ వెంట నియమం కోరినట్టే ఒక్క మాట: "ఉపసంహృతం." పాటల మీద పరిశోధనకు వచ్చే ప్రతి విద్యార్థీ ఆ పుట తిరగేయక తప్పదు.

ఈ కథ విన్నవారి వాక్కు వారి పేరనే నిలుచుగాక! పరుల పలుకును పట్టుకున్న చేతులకు దాన్ని తిరిగి అప్పగించే బుద్ధి కలుగుగాక! వాగ్దేవి అందరి నాలుకలనూ చల్లగా చూచుగాక!