దారం వాలిన వైపు

ఆ ఆసుపత్రి భవనంలో గాలి, నీళ్ళు, కరెంటు, లిఫ్టులు, ఆక్సిజన్ గొట్టాలు, అన్నీ ఆమె బాధ్యతే. పదమూడేళ్ళుగా అక్కడ ఇంజనీరు. పైకప్పు మీద ఏ ఫ్యాను గొంతు మారినా మెట్లు ఎక్కుతూనే పసిగట్టేది. ఆమె మాటంటే డాక్టర్లకు గురి, మెకానిక్కులకు హడలు. ఇంట్లో మాత్రం ఆ పప్పులుడికేవి కావు. అక్కడ అత్తగారిదే పైచేయి.

నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి తొక్కి అత్తగారి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ ఆ ఆసుపత్రిలోనే చేశారు. ఎముకల వార్డులో ఖాళీ లేక మూడో అంతస్తులో, నడవా చివర గది ఇచ్చారు. నాలుగో రోజు పొద్దున డ్యూటీకి వస్తూ కోడలు అటు తొంగిచూసేసరికి, ఆవిడ వాకరు పట్టుకుని నడవాలో అడుగులు వేస్తోంది.

"ఏమ్మా, మీ ఆసుపత్రిలో తలుపు సందుల్లోంచి గాలి కొడుతుందేంటి? అవతలి చివర ఉన్న గది ముందుకెళ్తే చాలు, పాదాలు చల్లబడిపోతున్నాయి."

కోడలు నవ్వింది. "అది అంటురోగాల గది అత్తయ్యా. అక్కడ గాలి లోపలికే పోవాలి, బయటికి రాదు. రోగి దగ్గు నడవాలోకి రాకూడదనే అలా ఏర్పాటు చేశాం."

"మీరేం ఏర్పాటు చేశారో నా పాదాలకేం తెలుసు?"

గది తలుపు పక్కన గోడకు గాలి ఒత్తిడి చూపించే మీటరు ఉంది. ముల్లు పచ్చగీత మీద బుద్ధిగా నిలబడి ఉంది. కోడలు దాన్ని చూపించింది. అత్తగారు అటు కన్నెత్తి కూడా చూడలేదు. వాకరుకు తగిలించిన సంచీలోంచి దారపుండ తీసి, జానెడు ముక్క పళ్ళతో తెంపి ఇచ్చింది.

"నేను వంగలేను. నువ్వే పట్టుకుని చూడు."

పెద్దావిడ మాట కాదనడం ఎందుకని కోడలు గొంతుక్కూర్చుని, తలుపు కింది సందు దగ్గర దారం వేలాడదీసింది. దారం కొస లోపలికి వాలాలి. కానీ అది తేలుతూ ఆమె మోకాళ్ళ వైపే వచ్చింది. చెయ్యి మార్చి పట్టుకుంది. మళ్ళీ అంతే.

ఆమె గబుక్కున లేచి మీటరు అద్దం మీద గోటితో కొట్టింది. అన్నాళ్ళూ అంటుకుపోయి ఉన్న ముల్లు ఒక్కసారి ఊడి, సున్నా దాటి అవతలికి పడిపోయింది.

"అత్తయ్యా, మాస్కు పెట్టుకుని మీ గదిలోకెళ్ళి తలుపేసుకోండి. ఎందుకని ఇప్పుడడగొద్దు."

కోడలి గొంతు అలా పలకడం అత్తగారు ఇంట్లో ఏనాడూ వినలేదు. వెంటనే వాకరు తిప్పింది.

హెడ్ నర్సు పరుగున వచ్చింది. లోపలున్న రోగికి టీబీ అని అనుమానమట. "రిపోర్టు సాయంత్రం వస్తుంది. అప్పటిదాకా చూద్దామా?"

"రిపోర్టు ఏదొచ్చినా ఈ గది పనికిరాదు సిస్టర్. నడవా ఖాళీ చేయించండి. నాలుగో అంతస్తులో ఇలాంటి గదే ఖాళీగా ఉంది. అక్కడ గాలి ఎటు పోతోందో నేను చూసొస్తా. బాగుంటే ఆయన్ని అక్కడికి మారుద్దాం."

పైగది బాగానే ఉంది. పావుగంటలో రోగిని మార్చారు. ఆమె తిన్నగా పైకప్పు మీదికి వెళ్ళింది. కింది మూడో అంతస్తు గదిలోంచి గాలిని బయటికి లాగే ఫ్యానుకు నాలుగు రోజుల కిందటే కొత్త మోటారు బిగించారు. బిగించింది పెద్ద మెకానిక్. ముప్ఫై ఏళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి.

"అదిగో మేడమ్, గిర్రున తిరుగుతోంది కదా!" అన్నాడాయన.

"తిరుగుతోంది మేస్త్రీ గారూ. ఎటు తిరుగుతోంది?"

స్విచ్చి ఆపించింది. చక్రం నెమ్మదించేకొద్దీ అసలు సంగతి కంటికి కనబడింది. ఫ్యాను పెట్టె మీద తిరగాల్సిన దిక్కు చూపే ఎర్ర బాణం ఒకవైపు, చక్రం ఇంకోవైపు. మోటారుకు రెండు వైర్లు తారుమారయ్యాయి. ఎదురు తిరిగినా ఫ్యాను కాస్త గాలి లాగుతూనే ఉంది గానీ, అది చాలలేదు. గదిలోకి పంపే గాలే ఎక్కువై సందుల్లోంచి బయటికి తన్నుకొస్తోంది.

మెకానిక్ వంగి బాణాన్నీ చక్రాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఈ చేతులతో ఎన్ని మోటార్లు బిగించాను మేడమ్... ఇదేంటి ఇలా అయింది?"

"మీరు పొరబడ్డారు, నేను చూడలేదు. పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టింది నేనే." ఆ రోజు అత్తగారిని ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తుంటే, ఫోన్ చూసుకుంటూ హడావుడిగా గీకేసిన సంతకం అది. "రండి, ముందు సరిచేద్దాం."

కరెంటు తీసి, ఎవరూ వేయకుండా స్విచ్చికి తాళం వేసి, వైర్లు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. కింద గది దగ్గర దారం ఈసారి తలుపు సందులోకి సూటిగా దూరిపోయింది.

ఆమె వెళ్ళి చెప్పిందంతా విని, ఆసుపత్రి సూపరింటెండెంట్ తన గది తలుపు దగ్గరికి వేశాడు. "సరైపోయింది కదమ్మా. గోరంతలు కొండంతలు చెయ్యడమెందుకు? చివరికి మీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి సార్. ఈ నాలుగు రోజులూ ఆ నడవాలో ఎవరెవరున్నారో అందరికీ చెప్పాలి, పరీక్షలు చేయించాలి. జాబితా నేనే మొదలుపెట్టాను. అందులో మొదటి పేరు మా అత్తగారిది."

ఆయన ఫోన్ అందుకున్నాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. టీబీయే. జాబితాలో ఇరవై ముగ్గురు తేలారు. ఆమెకూ మెకానిక్కుకూ మెమోలు వచ్చాయి. ఆమె తన మెమోకు రెండే వాక్యాల్లో జవాబు రాసింది: తప్పు జరిగింది. ఇకమీదట మోటారు మార్చినప్పుడల్లా గది తలుపు దగ్గర గాలి ఎటు పోతోందో కళ్ళారా చూడనిదే సంతకం పెట్టను. అదే నియమం భవనం మొత్తానికీ రాసి అతికించింది.

అత్తగారికి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. మంచం అంచున కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పేసింది.

అత్తగారు దిండు సర్దుకుని కూర్చుంది. "నలభై ఏళ్ళలో ఎన్ని జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టానో నాకే లెక్కలేదు. విప్పి మళ్ళీ కుట్టిచ్చేదాన్ని. కుట్టింది నేను కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు. పో, మొహం కడుక్కో."

వెంటనే ఒకసారి, రెండు నెలలకు మళ్ళీ ఒకసారి అందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ అంటలేదు. రెండోసారి రిపోర్టు చేతికొచ్చిన రోజు, మూడో అంతస్తులో కోడలు లిఫ్టు బటన్ నొక్కబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొత్త మోకాలు పెట్టించుకుంది లిఫ్టెక్కడానికా? పద, మెట్లు దిగుదాం."

కోడలు ఒక మెట్టు ముందు నడిచింది. ఆవిడ కోడలి భుజం మీద చెయ్యి వేసి, మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా దిగింది.